ఏటీవీ బాడీ వెలిసి గీతలు పడింది, పెయింట్ కొట్టించాలా?

ప్రశ్న: వికారాబాద్ దగ్గర మాకు చిన్న ఫామ్‌స్టే ఉంది. వచ్చినవాళ్లు తిరగడానికి రెండు సెకండ్ హ్యాండ్ ఏటీవీలు (మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బళ్లు) కొన్నాం, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎర్రదాని బాడీ ఎండకు వెలిసి గులాబీ రంగులోకి వచ్చేసింది, చెయ్యి పెడితే సుద్దపొడిలా అంటుతోంది. తుమ్మకొమ్మలు గీసిన గీతలు ఒళ్లంతా ఉన్నాయి. ముందు మడ్‌గార్డ్ వంగినచోట తెల్లటి చార పడింది, వెనక మడ్‌గార్డ్‌కు స్క్రూ దగ్గర బీట వచ్చింది. నల్లదేమో బూడిదరంగుకు తిరిగింది. డీజిల్ గుడ్డతో తుడిస్తే రెండు రోజులు నిగనిగలాడి మళ్లీ మామూలే. పెయింటర్‌ని పిలిస్తే లాంబీ (గుంటలు పూడ్చే పుట్టీ) పెట్టి పెయింట్ కొట్టేద్దాం అంటున్నాడు. కొట్టించమంటారా?

సమాధానం: వద్దు. ఆ పెయింటర్ కారు డోర్‌ను చూసిన కంటితోనే మీ మడ్‌గార్డ్‌ను చూస్తున్నాడు. కారు డోర్‌కు రంగు పైన వేసిన పొర. ఏటీవీ బాడీలో చాలావరకు రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది, అచ్చు పోసేటప్పుడే కలిపేస్తారు. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందంలో పై నుంచి కింది దాకా అదే ఎరుపు. ఎండ పాడుచేసింది పైనున్న సన్నటి పొరను మాత్రమే. దాన్ని తీసేస్తే అసలు రంగు కిందే ఉంది. కప్పెట్టడానికి డబ్బు ఖర్చుపెట్టడం ఎందుకు?

పైగా లాంబీ ఆరాక గట్టిపడుతుంది, మడ్‌గార్డ్ మాత్రం కొమ్మ తగిలిన ప్రతిసారీ వంగి లేస్తుంది. వంగని లాంబీ వంగే ప్లాస్టిక్ మీద పెచ్చులూడుతుంది. ఈ బాడీలకు వాడే పాలీప్రొపిలీన్ (పీపీ), పాలీఇథిలీన్ (పీఈ) రకం ప్లాస్టిక్‌లకు మామూలు పెయింట్ అసలు పట్టదు. బాగా కొట్టినట్టే కనిపిస్తుంది, మొదటి వానాకాలంలోనే పొరలుపొరలుగా లేస్తుంది.

డీజిల్ సంగతి కూడా ఇదే. ఎండకు పాడైన పొర మీద కంటికి కనిపించని గుంటలు, పగుళ్లు ఉంటాయి. వెలుతురు వాటి మీద పడి చెదిరిపోవడం వల్లే రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. నూనె ఆ గుంటల్లో నిండినంతసేపు రంగు తిరిగొచ్చినట్టు ఉంటుంది, అది ఆరిపోయాక గుంటలు గుంటలే. కొబ్బరినూనె అయినా, షాపులో దొరికే సిలికాన్ పాలిష్ అయినా పనిచేసేది ఇలాగే, ఎన్నాళ్లుంటుందన్నదే తేడా. డీజిల్ రబ్బరు బుష్‌లను ఉబ్బేలా చేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. ఈరోజుతో ఆపేయండి.

ముందుగా అది ఏ ప్లాస్టికో తేల్చుకోండి. బాడీ ముక్క ఊడదీసి వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో అచ్చు ఉంటుంది: పీపీ, పీఈ, హెచ్‌డీపీఈ (పీఈలోనే గట్టి రకం), ఏబీఎస్ (ఇంకో రకం గట్టి ప్లాస్టిక్) లాంటివి. అచ్చు లేకపోతే వెనక అంచు నుంచి గోరంత ముక్క చెక్కి, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో వేయండి. తేలితే పీపీ లేదా పీఈ. మునిగితే ఏబీఎస్ కావచ్చు, లేదా టాల్క్ పొడి కలిపిన పీపీ కావచ్చు. ఆ అనుమానం తీరాలంటే కనిపించనిచోట దూదితో ఎసిటోన్ అద్దండి. ఏబీఎస్ జిగటగా అవుతుంది, పీపీకి ఏమీ కాదు. పీపీ సుమారు 160 డిగ్రీల దగ్గర, హెచ్‌డీపీఈ 130 దగ్గర కరుగుతాయి, ఏబీఎస్ 100 దాటగానే మెత్తబడుతుంది. ఆఖర్న వాడబోయే హీట్ గన్ (వేడిగాలి ఊదే మిషన్) పట్టుకునే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి. మడ్‌గార్డ్‌లు పీపీ అయినా హెడ్‌లైట్ చుట్టూ ఉండే మూత, మీటర్ డబ్బా ఏబీఎస్ అయ్యే అవకాశం ఉంది. పైన పెయింటో క్లియర్ కోటో ఉన్న ముక్కలకు కింద చెప్పే పద్ధతి పనికిరాదు, వాటిని పక్కన పెట్టండి.

బాడీని బండి మీద ఉంచి ఈ పని చేయకండి. ఊడదీసే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో తర్వాత గుర్తుండదు. ప్లాస్టిక్ క్లిప్పులకు మధ్యలో ఉన్న పిన్ను పైకి లేపాకే మొత్తం క్లిప్పు బయటికి రావాలి. ఎండిపోయిన పాత క్లిప్పుల్లో కొన్ని ఎలాగూ విరుగుతాయి, డజను కొత్తవి తెచ్చి పెట్టుకోండి. స్టిక్కర్లను హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి మెల్లగా లాగండి, మిగిలిన జిగురును కిరోసిన్‌తో తుడిచి వెంటనే సబ్బుతో కడగండి. స్టిక్కర్ కింద ఉన్న ఎరుపును ఒకసారి బాగా చూసుకోండి. ఎండ తగలని రంగు అదే. ఎంతవరకు గీకాలో మీకు చెప్పే నమూనా కూడా అదే.

మీ వైపు ఎర్రమట్టి ఎండితే వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) సమానం. పొడిగుడ్డతో తుడిచారా, కొత్త గీతలు పడ్డట్టే. నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు నాననివ్వండి, మట్టి దానంతటదే జారాక కార్ షాంపూతో కడగండి, మూలల్లో పాత టూత్‌బ్రష్ వాడండి. డీజిల్ రాసి ఉన్నారు కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఇంకో రెండుసార్లు కడగాలి.  

తడిగా ఉండగానే గీతలను ఒకసారి పరీక్షించండి. నీళ్లు పోస్తే మాయమయ్యే గీతలు తేలికవి, వాటర్ పేపర్‌తోనే పోతాయి. తడిలోనూ కనిపిస్తూ గోరుకు తగిలేవాటికి బ్లేడు కావాలి. 0.3 మిల్లీమీటరు కంటే లోతుగా ఉన్న గీతను పూర్తిగా తీసేయాలని చూడకండి, ప్లాస్టిక్ పలచబడిపోతుంది. అడవి దారుల్లో తిరిగే బండికి రెండు లోతు గీతలు ఉంటే పోయేదేం లేదు.

ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద కొమ్మ గీసినప్పుడు మధ్యలో గాడి పడటమే కాదు, అక్కడి ప్లాస్టిక్ రెండు పక్కలకూ గట్టులా లేస్తుంది. నాగలి చాలుకు రెండు వైపులా మట్టి లేచినట్టన్నమాట. మనకు తెల్లగా కనిపించేది ఎక్కువగా ఆ గట్టే. దాన్ని కోసేస్తే సగం గీత పోయినట్టు అనిపిస్తుంది, గాడి అంతే లోతుగా ఉన్నా సరే.

గీకడానికి వడ్రంగులు వాడే స్క్రేపర్ రేకు మేలు. లేకపోతే వెడల్పాటి కట్టర్ బ్లేడు. దాని రెండు మూలలను ముందుగా ఎమరీ మీద రుద్ది గుండ్రం చేయండి, లేకపోతే మూల దిగబడి కొత్త గాడి తీస్తుంది. బ్లేడును దాదాపు నిలువుగా పట్టుకుని, లాగే వైపుకు కొంచెం వంచి, మీ వైపుకు లాగండి. చేతికి మందపాటి తోలు గ్లౌజు ఉండాలి. మొదట తెల్లటి పొడి రాలుతుంది, తర్వాత గులాబీ రంగు సన్నటి పీచు, ఆ తర్వాత అసలు ఎరుపు. ఎరుపు కనిపించగానే ఆ చోట ఆపేయండి. బ్లేడు గడగడలాడుతూ ఎగిరితే ఉపరితలం మీద అలలు పడతాయి. అప్పుడు బలం తగ్గించి, ఇందాకటి దిక్కుకు ఏటవాలుగా లాగండి. మొత్తం మీద 0.3 మిల్లీమీటరు కంటే ఎక్కువ తీయకండి. అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల చుట్టూ ఇంకా తక్కువ.

తర్వాత వాటర్ పేపర్, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. బ్లేడు గుర్తులు గట్టిగా ఉంటే 220తో, లేకపోతే 320తో మొదలుపెట్టి 400, 600, 800 దాకా వెళ్లండి. బల్లపరుపు చోట్ల రబ్బరు బ్లాకు, వంపుల్లో స్పాంజి ముక్క పేపర్ వెనక పెట్టుకోండి, ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులు పడతాయి. నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ వేసుకుని తడిగానే రుద్దాలి. ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తర్వాతి నంబరుతో అడ్డంగా రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. నంబరు మార్చే ప్రతిసారీ ముక్కను కడిగి, ఆరబెట్టి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. తడిలో అన్నీ బాగానే కనిపిస్తాయి. 320 దగ్గర వదిలేసిన గీత 800 దగ్గర పోదు, వెనక్కి వెళ్లాల్సిందే. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. ఒక్కో మడ్‌గార్డ్‌కు రెండు మూడు గంటలు పడుతుందనుకోండి.

డ్రిల్లింగ్ మిషన్‌కు బఫింగ్ ప్యాడ్ బిగించి పని తగ్గించుకోవాలని చూడకండి. వేగానికి పుట్టే వేడితో పీపీ మెత్తబడి నూగు లేస్తుంది, మళ్లీ 400 నుంచి రుద్దుకోవాలి. కారు పెయింట్‌కు వాడే రబ్బింగ్ కాంపౌండ్ దీనిమీద పనిచేయకపోదు, కానీ 1500, 2000 నంబర్ల దాకా రుద్దాక కూడా సగం మెరుపే ఇస్తుంది. అందుకే 800 దగ్గర ఆపి మిగతా పని వేడికి అప్పగించడం నయం.

హీట్ గన్ 1800 నుంచి 2000 వాట్లది, వేడి తగ్గించి పెంచుకునేది తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్ టూల్స్ దుకాణాల్లో దొరుకుతుంది. ముక్క బొత్తిగా తడిలేకుండా, దుమ్ము లేకుండా ఉండాలి. ఇప్పుడు అంటుకున్న దుమ్ము కరిగిన ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది. ఇసుక నింపిన సంచిని ముక్క కింద పెట్టి దాని ఆకారానికి తగ్గట్టు సర్దండి, లేకపోతే వేడెక్కినప్పుడు బరువుకు జారుతుంది. వెడల్పు నాజిల్ పెట్టి, పీపీకి డయల్ 400 డిగ్రీల దగ్గర (అది గన్ ఊదే గాలి వేడి, ప్లాస్టిక్ వేడి కాదు) ఉంచి, 10 నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో గన్ కదుపుతూనే ఉండండి. హెచ్‌డీపీఈ అయితే డయల్ 350కి తగ్గించండి. మసకగా ఉన్న ప్లాస్టిక్ ఉన్నట్టుండి తడిసినట్టు మెరుస్తుంది. అది కనిపించగానే ముందుకు జరిగిపోవాలి, అక్కడే నిలబడితే చెడుతుంది. వాటర్ పేపర్ వదిలిన సన్నటి గీతలు కరిగి సమం కావడమే ఆ మెరుపు. ముందుగా ముక్క లోపలివైపు అభ్యాసం చేయండి.

ఏం చెడుతుందో కూడా తెలుసుకోండి. అంచులు, స్క్రూ బొడిపెలు ముందు వేడెక్కి ముడుచుకుంటాయి కాబట్టి అక్కడ దూరం పెంచాలి. పొగ గానీ ఘాటు వాసన గానీ వచ్చిందంటే హద్దు దాటినట్టు. వేడి ముక్క మీద నీళ్లు చల్లకండి, ఒకచోట ముందు కుంచించుకుని వంకరపోతుంది. గ్యాస్ టార్చ్‌తో ఒక్క నిమిషంలో తేల్చేస్తామనే వాళ్లున్నారు. చెయ్యి తిరిగినవాళ్లకు కుదురుతుందేమో గానీ, మంట ఒక్క క్షణం ఆగితే ఎరుపు గోధుమరంగుకు మాడుతుంది, దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. ఇంధన ట్యాంకు ఉన్న బండి దగ్గర టార్చ్ అయినా హీట్ గన్ అయినా వెలిగించకూడదు.

గీకడం ఎందుకు, నేరుగా హీట్ గన్ పట్టేస్తే పోలా అనిపించవచ్చు. పాడైన పొర పైన ఉండగా వేడిచేస్తే ఆ సుద్దే కరిగి మెరుస్తుంది. మచ్చలుమచ్చలుగా మెరిసే గులాబీ మడ్‌గార్డ్ తయారవుతుంది, కొన్నాళ్లకు మళ్లీ సుద్ద లేస్తుంది.

వంగినచోట పడిన తెల్లచార గీత కాదు, దాన్ని ఎంత రుద్దినా పోదు. ప్లాస్టిక్ హద్దుకు మించి సాగినప్పుడు లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడతాయి, ఆ తెలుపు వాటిదే. డయల్ తగ్గించి, ముందు వెనక రెండు వైపులా నిదానంగా వేడిచేయండి. ప్లాస్టిక్ మెత్తబడుతుండగా గ్లౌజు వేసుకున్న చేత్తో అసలు ఆకారానికి నొక్కి, చల్లారేదాకా వదలకుండా పట్టుకోండి. తెలుపు చాలావరకు పోతుంది. మధ్యలో వెంట్రుకంత గీత మిగిలిందంటే అక్కడ బీట మొదలైనట్టు, కింద చెప్పే వెల్డింగ్ దానికీ చేయాలి.

ఇక వెనక మడ్‌గార్డ్ బీట. ఫెవిక్విక్, అరాల్డైట్ రెండూ దండగ, పీపీకి అంటవు. దీన్ని అదే ప్లాస్టిక్‌తో కరిగించి అతకాలి. బీట ఎక్కడ ఆగిందో చూసి ఆ కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, ఇది లేకపోతే అతికాక కూడా బీట ముందుకు పాకుతుంది. బీట పొడవునా రెండు అంచులనూ ఏటవాలుగా చెక్కి, మందంలో మూడింట రెండు వంతుల లోతు గాడి చేయండి. ఆ పక్కలనున్న పాడైన పొరను కూడా గీకేయాలి, సుద్ద మీద వెల్డింగ్ పట్టదు. కడ్డీగా పీపీకి పీపీ, పీఈకి పీఈ మాత్రమే వాడాలి. దొరక్కపోతే అదే రకం విరిగిన పాత ముక్క నుంచి 3 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు కోసుకోండి. సన్న నాజిల్ పెట్టిన హీట్ గన్‌తో గానీ, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో గానీ గాడినీ కడ్డీనీ రెండింటినీ కరిగించాలి. కడ్డీ ఒక్కటే కరిగి గాడిలో పడితే అతికినట్టు కనిపిస్తుంది, చల్లారాక గోటితో లాగినా ఊడొస్తుంది. ముందు చెత్త ముక్కల మీద అతికి, చల్లార్చి, పట్టుకారుతో లాగి చూసుకోండి. వెనకవైపు స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ముక్కను వేడి ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి అద్ది, పైన ఇంకొంచెం ప్లాస్టిక్ కరిగించి కప్పేయండి. ఆరుబయట గాలి ఆడేచోట చేయండి.

బీట అసలు అక్కడే ఎందుకొచ్చిందంటే, ఎండకు ప్లాస్టిక్ వ్యాకోచించి ఇనుప ఫ్రేమ్ మీద కదలాలి, స్క్రూ బిర్రుగా బిగించి ఉంటే ఆ కదలికంతా రంధ్రం అంచు మీద పడుతుంది. రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు పెద్దది చేసి, రబ్బరు వాషర్, దానిమీద వెడల్పాటి స్టీలు వాషర్ వేసి, చేతి బిగువుకు కొంచెం పైన ఆపండి. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. కాలు పెట్టే తొట్టి, మడమ చక్రంలోకి పోకుండా అడ్డుగా ఉండే భాగం పగిలి ఉంటే అతకవద్దు, కొత్తది వేయండి. ఎక్కేది అతిథులు.

నల్ల ఏటీవీ పని తక్కువ. నునుపైన భాగాలకు ఎర్రదానికి చేసినట్టే చేయండి. గరుకు గింజ (అచ్చులోనే వచ్చిన గరుకు నమూనా) ఉన్న భాగాల మీద మాత్రం వాటర్ పేపర్ పెట్టకూడదు, ఆ గింజ పోతే తిరిగి రాదు. థార్ లాంటి జీపుల బంపర్లు, చక్రాల మీది నల్ల అంచులకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ జిడ్డు పూర్తిగా వదిలించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాక హీట్ గన్‌తో తేలిగ్గా ఒక చుట్టు తిప్పితే నలుపు వస్తుంది. ఈ కిటుకు ప్రతిసారీ ఇంతే బాగా పనిచేయదు, చేసినకొద్దీ ఫలితం తగ్గుతుంది. కాబట్టి నలుపు వచ్చిన వెంటనే దాన్ని కాపాడే పూత వేయాలి.

ఆ పూత రెండు బళ్లకూ అవసరమే. గీకి బయటికి తెచ్చిన ఎరుపు కూడా ఎండకు వెలిసే ఎరుపే. ప్లాస్టిక్ ట్రిమ్‌కోసం అమ్మే సిరామిక్ కోటింగ్ తీసుకోండి, అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని డబ్బా మీద రాసి ఉండాలి. నీడలో, చల్లారిన ప్లాస్టిక్ మీద, ఆల్కహాల్‌తో తుడిచాక పలచగా రెండు కోట్లు వేయండి. మధ్య విరామం డబ్బా మీద చెప్పినంత ఇవ్వండి, ఒక రోజంతా తడి తగలనివ్వకండి. సిలికాన్ స్ప్రేలు సీటు పక్కన, కాళ్లు పెట్టేచోట అసలు వాడకండి, పట్టు జారుతుంది. తర్వాతెప్పుడైనా పెయింట్ వేయాల్సి వస్తే కూడా ఆ సిలికాన్ వల్ల పెయింట్ చేపకళ్లలా విడిపోతుంది. అవిసె నూనె రాయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ఆరి పొరకడుతుంది కాబట్టి డీజిల్ కంటే నయమే, కానీ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

పెయింటే కావాలనుకునే సందర్భం ఒకటుంది. బాడీ ఇంతకుముందే పలచబడి ఉన్నా, ఎవరో పెయింట్ కొట్టి ఉన్నా తప్పదు. అప్పుడు లాంబీ లేకుండా, పీపీ కోసం అమ్మే అడ్హీషన్ ప్రమోటర్ (పెయింట్ పట్టేలా చేసే పూత) ముందు వేసి, వంగే గుణం ఇచ్చే మందు కలిపిన టూకే పెయింట్ (హార్డెనర్ కలిపి కొట్టేది) వేయించండి. స్ప్రే చేసేవాళ్లకు గుడ్డ మాస్క్ సరిపోదు, దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. హెచ్‌డీపీఈ మీద ఇంత చేసినా నమ్మకం లేదు. దానికంటే మందపాటి గ్రాఫిక్ స్టిక్కర్లు వేయించుకోవడం తెలివైన పని, సుద్ద గీకాకే సుమా. ప్లాస్టిక్ పెట్రోల్ ట్యాంకు మీద మాత్రం మామూలు స్టిక్కర్ వద్దు. ట్యాంకు గోడలోంచి ఆవిరి మెల్లగా బయటికి వస్తూ కింద బుడగలు లేపుతుంది. సన్నటి చిల్లులున్న స్టిక్కర్ అడగండి.

బళ్లు రేకుల కిందో చెట్టు కిందో ఉంచితే పూత ఎక్కువ కాలం నిలుస్తుంది. కవర్ కప్పితే గాలి ఆడే గుడ్డది కప్పండి. తిరిగే దారి పొడవునా తుమ్మకొమ్మలను హ్యాండిల్ ఎత్తుకు పైదాకా కొట్టించండి, ఏ పాలిష్ కంటే అది చవక.

మొదలుపెట్టడం బీట వచ్చిన ఆ వెనక మడ్‌గార్డ్‌తోనే మొదలుపెట్టండి. అతుకు నిలబడకపోతే దాన్ని ఎలాగూ కొత్తది కొనాలి, చెయ్యి తిరిగేదాకా గీకడానికీ వేడిచేయడానికీ పనికొస్తుంది. రెండు మూడు చోట్ల స్క్రూ బొడిపెలే విరిగి ఉన్నాయని తేలితే అతుకుల మీద రోజులు పోగొట్టుకోకుండా కొత్తది తెప్పించి, పాత దాన్ని పారేయకుండా వెల్డింగ్ పట్టీలకు ఉంచుకోండి.